నాలుగో వరసలో పేరు

2006 మార్చి 5, ఆదివారం. రేపల్లెలో మొదటి బస్సు తప్పిపోయి రెండోదానికి వచ్చాను. ఎండ మామూలు. గాలి దక్షిణం నుంచి. రాయి నిలబెట్టినప్పుడు ఉన్నవారు: ఊరిపెద్ద, సరంగు భార్య, కొడుకులిద్దరినీ పోగొట్టుకున్న తల్లి, రేపల్లె టైలరు, ఆయన వీధివాళ్ళు ఇద్దరు, రాయి చెక్కిన తెనాలి శిల్పి, నేను. వెనక ఊరివాళ్ళు. రానివారు: టైలరు భార్య. రేపు మొదటి బస్సుకు వస్తారట.

ఆ రోజు డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. డైరీలో అందరూ పేర్లతోనే ఉన్నారు. ఇక్కడికి వచ్చేసరికి తీసేశాను. పేరు కోసమే నడిచిన వ్యవహారంలో పేర్లు తీసేయడం నాకే ఎబ్బెట్టుగా ఉంది. కానీ అవి ఉండవలసిన చోట ఉన్నాయి. అడవులదీవి దాటాక వచ్చే ఆ చిన్న రేవుకు వెళ్ళి ఎవరైనా చదువుకోవచ్చు.

వచ్చినవారితో పాటు రానివారిని కూడా రాయడం ఉద్యోగంలో అంటిన అలవాటు. పడవలకు నంబర్లు ఇచ్చే ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. ఇల్లు తెనాలిలో, పని రేపల్లెలో, తిరుగుడు రేవులన్నిటికీ. ఆ రేవులో నన్ను ఇప్పటికీ గుమాస్తాగారనే పిలుస్తారు.

అప్పటికి ఆరేళ్ళ కిందట ఆ రేవు నుంచి ఒక మరబోటు నలుగురితో వేటకు వెళ్ళింది. సముద్రం మీద చేపలు పట్టడాన్ని అక్కడ వేట అనే అంటారు. బోటు నడిపే సరంగు, వల లాగే అన్నదమ్ములిద్దరూ ఆ ఊరివాళ్ళు. నాలుగోవాడు ఇంజను డ్రైవరు. రేపల్లెలో సాయిబుల వీధి టైలరు ఒక్కగానొక్క కొడుకు. మూడో రోజు తెల్లవారుజామున, మంచు దట్టంగా ఉన్నప్పుడు, సరుకుల ఓడ ఒకటి ఆ బోటును గుద్దుకుంటూ వెళ్ళిపోయింది. దూరంగా వేట చేస్తున్న ఇంకో బోటువాళ్ళు చప్పుడు విన్నారు, మంచులోంచి గోడ లాంటిది కదిలిపోవడం చూశారు. అక్కడికి చేరేసరికి నీళ్ళ మీద నూనె, వల బెండ్లు తప్ప మరేమీ లేవు. ఓడ ఆగలేదు. అది ఏ ఓడో నేటికీ తెలియదు. నలుగురిలో ఒక్కరి దేహమూ ఒడ్డుకు రాలేదు.

ఆరేళ్ళ తర్వాత ఊరివాళ్ళు ఆ నలుగురి పేర్లతో రాయి నిలపాలనుకున్నారు. రాతకోతలు నాకు అప్పగించారు. జనవరి చివర్లో వలలు బాగుచేసే పాకలో కూర్చున్నాం. తెనాలి నుంచి శిల్పిని నేనే వెంటబెట్టుకొచ్చాను. నాయకుల విగ్రహాలు చేసే మనిషి. వచ్చీ రాగానే చెవి వెనక పెన్సిలు తీసి, కాగితం మీద ఒకదాని కింద ఒకటి నాలుగుసార్లు "కీ.శే." అని రాసుకున్నాడు.

"పేర్లు చెప్పండి సార్. పక్కన రాసేసుకుంటాను."

అన్నదమ్ముల తల్లి వల దారం పళ్ళతో తెంపుతూ అడిగింది. "ఆ ముందు రాసిందేంటి బాబూ?"

"కీర్తిశేషులు అని" అన్నాను. "మనిషి పోయినా కీర్తి శేషంగా ఉంది, అంటే మిగిలి ఉంది అని అర్థం."

"కీర్తి మా వాళ్ళకెక్కడిది బాబూ. చిన్నోడు ఊళ్ళో అందరి దగ్గరా బీడీలు అడుక్కునేవాడు. ఇక శేషమంటావా, చొక్కా గుండీ అన్నా ఒడ్డుకు రాలేదు. లేనివి రెండూ రాసి పక్కన మా పిల్లోళ్ళ పేర్లు పెడతారా?"

శిల్పి నా వంక చూశాడు. "ఇరవయ్యేళ్ళుగా ఇదే చెక్కుతున్నానండి. ఎవరూ అర్థం అడగలేదు."

"అడిగేవాళ్ళకి నువ్వు చెక్కలేదులే" అన్నాడు ఊరిపెద్ద.

చివరకు పైన ఒకే ఒక్క వాక్యం ఉండేటట్టు తేల్చాం: వేటకు వెళ్ళి తిరిగి రానివారు. కింద నాలుగు వరసల్లో నాలుగు పేర్లు. మొదట సరంగు, తర్వాత అన్నదమ్ములు, నాలుగో వరసలో డ్రైవరు. అంతా అయిపోయిందనుకుని నేను పెన్ను మూత పెడుతుండగా, అప్పటిదాకా గుంజకు ఆనుకుని కూర్చున్న టైలరు గొంతు సవరించుకున్నాడు.

"మా వాడి పేరు వద్దండి."

అన్నదమ్ముల తల్లి దారం పక్కన పెట్టింది. "అదేంటి టైలరు బాబాయ్. ఒక గిన్నెలో తిన్నారు, ఒక నీళ్ళలో పోయారు. రాయి మీద మా వాళ్ళ పక్కనుంటే నీకు నామోషీ వచ్చిందా?"

"నామోషీ కాదమ్మా. ఏడో నంబరు తల్లిని మీరు మర్చిపోయారేమో, నేను మర్చిపోలేదు."

ఊరిపెద్ద నవ్వు దాచుకోలేకపోయాడు. నాకు మాత్రం తల వంచుకోవాల్సి వచ్చింది. ఏడో నంబరు తల్లి వెలియడానికి కారణం నేనే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, పడవలు ఎంతవరకు లాగి పెట్టుకోవచ్చో తెలియడానికి మా ఆఫీసు ఒడ్డు వెంబడి నంబర్లు వేసిన రాళ్ళు పాతింది. ఏడో నంబరు రాయి, ఆడవాళ్ళు చేపల గంపలతో నడిచే దారిలో పడింది. నెల తిరక్కుండా దానికి పసుపు వచ్చింది. తర్వాత కుంకుమ, తర్వాత తాటాకు పందిరి. ఏడాదికల్లా అది ఏడో నంబరు తల్లి అయింది. మా ఆఫీసరు దాన్ని పీకి వేరేచోట పాతమన్నారు. పీకడానికి కూలీ దొరకలేదు. "ఏడవ నంబరు రాయి స్థితి: బాగున్నది" అని రిపోర్టు రాసి ఊరుకున్నాను. డ్రైవరు కుర్రాడు ఇంటికెళ్ళి ఈ కథ చెప్పి ఇల్లంతా నవ్వించేవాడట.

"ఒడ్డున రాయంటూ నిలబడితే మీ ఆడవాళ్ళు ఊరుకోరు" అన్నాడు టైలరు. "తప్పని అనను. మీ పద్ధతి మీది. మా వాడి పేరు మీద పసుపూ కుంకుమా పడితే మాత్రం నేను చూడలేనండి."

"ఎవరూ పెట్టరు. నేను మాటిస్తున్నాను" అన్నాడు ఊరిపెద్ద.

"నువ్వెవరు మాటివ్వడానికి?" అంది మూలన కూర్చున్న సరంగు భార్య. "పెట్టే చేతులు మావి. వేటకెళ్ళే రోజు బోటుకి పెడతాం, వచ్చిన రోజు వలకి పెడతాం. మా వాళ్ళ పేర్లున్న రాయికి పెట్టకుండా ఎట్టా ఉంటాం? అబద్ధమాడి ఆయన్ని ఒప్పించటం నాకిష్టం లేదు."

టైలరు ఆమె వైపు చూసి తల ఊపాడు. ఊరిపెద్ద ఇచ్చిన మాట కన్నా ఆమె అన్న మాటే ఆయనకు నచ్చినట్టు కనిపించింది.

తిరుగు బస్సులో ఇద్దరం ఒకే సీటులో కూర్చున్నాం. రేపల్లె దగ్గరపడుతుండగా ఆయన కిటికీ వైపు చూస్తూనే అన్నాడు.

"గుమాస్తాగారండి, పేరు వద్దని సరదాకి అన్నాననుకున్నారా? మా వాళ్ళందరూ ఖబరస్తాన్‌కి వెళ్ళి వాళ్ళ వాళ్ళ సమాధుల దగ్గర నిలబడతారు. నేను మా నాన్న సమాధి దగ్గర నిలబడి ఇద్దరికీ కలిపి ప్రార్థన చదువుతాను. మా ఇంటావిడ ఎప్పుడూ ఒకటే అడుగుద్ది. వాడికంటూ ఒక చోటు లేదా అని. ఆడవాళ్ళు ఖబరస్తాన్‌కి రారు కదండి మాలో. ఒడ్డున రాయి పెడతారట అని చెప్పగానే, అక్కడికైతే నేను రావచ్చుగా అంది."

"మరి?"

"రాయి మీద పేరుంటే రాకుండా ఉండలేం. వచ్చి పసుపు చూస్తే నిలబడలేం. పేరే లేకపోతే ఏ గొడవా లేదు."

గొడవ లేదన్న మనిషి రేపల్లెలో దిగేటప్పుడు గొడుగు బస్సులోనే మర్చిపోయాడు. నేను పరిగెత్తి అందించాను.

ఇలాంటివాటికి నాకు తెలిసిన మందు కాగితం. తెనాలి వెళ్ళే రైల్లోనే మూడు మార్గాలు రాసుకున్నాను. ఒకటి, రెండు రాళ్ళు. రెండు, రాయి చుట్టూ ఇనుప కంచె. మూడు, రాయి వెనక వైపు డ్రైవరు పేరు. మర్నాడు శిల్పి దగ్గర కూర్చుని చర్చిస్తే మూడోదే కుదురుగా ఉందన్నాడు. వెనక వైపు సముద్రానికి ఎదురుగా ఉంటుంది, ఆడవాళ్ళు ముందువైపే పెట్టుకుంటారు, ఆ వైపు శుభ్రంగా ఉంటుంది. చాలా తెలివైన పరిష్కారమని మురిసిపోయి రేపల్లె వెళ్ళాను. టైలరు మిషను ఆపి విన్నాడు.

"మీరు బడికెళ్ళేటప్పుడు తప్పుచేస్తే మాస్టారు ఏం చేసేవారండి?"

"గోడ వైపు తిప్పి నిలబెట్టేవారు."

"అంతేకదండి" అని మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు.

నాలుగు రోజుల తర్వాత రేవుకు వెళ్ళి నా కాగితం మడిచి జేబులో పెట్టుకుని అన్నదమ్ముల తల్లికి ఉన్నదున్నట్టు చెప్పాను, బస్సులో ఆయన అన్న మాటలతో సహా. ఆమె చేపలు ఎండబెడుతోంది. ఒక తట్ట పరవడం అయ్యాక నడుం నిటారుగా చేసింది.

"మా చేతులకి ఏదో ఒకటి కావాలి బాబూ. రాయే కావాలని లేదు. బోటుంటే బోటుకి పెట్టుకునేవాళ్ళం. బోటు ముక్క ఒక్కటున్నా చాలు, రాయి జోలికి పోం."

"బోటు ముక్క ఎక్కడిదమ్మా?" అన్నాడు పక్కనే ఉన్న ఊరిపెద్ద.

అప్పుడు నాకు ఏదో చదివినట్టు గుర్తొచ్చింది. చదవడం కాదు, రాసినట్టు. ఇంటికి వచ్చి ఆ ఏడాది డైరీ తీశాను. ప్రమాదం జరిగిన ఐదో నెలలో బాపట్ల పనిమీద వెళ్ళిన రోజు కింద, భోజనం, రైలు ఆలస్యం రాసిన తర్వాత చివర్లో రెండు వాక్యాలు: "సూర్యలంక రోడ్డులో టీకొట్టు ముందు అలలకు కొట్టుకొచ్చిన బోటు చెక్క బల్లగా వేశారు. నీలిరంగు, చివరి రెండంకెలు ఆ మునిగిన బోటుకు నేను ఇచ్చినవే." అంతే రాశాను. ఆ రోజు ఆ చెక్కను చూసి ఎవరికీ చెప్పలేదెందుకో, దాని మీద కూర్చుని టీ తాగానో లేదో కూడా రాయలేదు. రాయకపోవడాన్ని బట్టి తాగే ఉంటాననుకుంటాను. డైరీ సరిగా రాస్తానని పేరున్న మనిషికి ఆ పేజీ ఇప్పటికీ చదవడానికి ఇబ్బందే.

ఊరిపెద్దనూ టైలరునూ వెంటబెట్టుకుని బాపట్ల వెళ్ళాను. టీకొట్టు అక్కడే ఉంది. బల్లా ఉంది. నీలిరంగు దాదాపు పోయింది, జనం కూర్చుని కూర్చుని నున్నగా అయింది. ఇది ఫలానా అని నేను చెప్పేలోపే టైలరు అలసటతో దాని మీద కూర్చున్నాడు. నేను అంకెలు చూపించాను. ఆయన చటుక్కున లేచి, తర్వాత మెల్లగా మళ్ళీ కూర్చుని, పక్కన అరచేయి ఆనించాడు.

ఊరిపెద్ద కొట్టతనితో మాట కలిపాడు. "అబ్బాయ్, ఈ చెక్క మాకు కావాలయ్యా."

"బాగానే ఉంది బాబాయ్. మా జనం ఎక్కడ కూర్చోవాలి?"

"నిలబడితే టీ తొందరగా తాగుతారు. ఇంకోడికి చోటొస్తది."

కొట్టతను నవ్వి, టైలరు వైపు చూసి నవ్వు ఆపి, ఏంటి సంగతి అన్నాడు. చెప్పాం. అతను పొయ్యి తగ్గించి, గుడ్డ తడిపి, తనే చెక్కంతా తుడిచి, కాళ్ళకు కొట్టిన మేకులు పీకాడు. ట్రాలీ ఆటో మీద ఎక్కించేటప్పుడు ఒక కొస తను పట్టుకున్నాడు. అది బోటు ముందు భాగం, అనియం అంటారు. బోటుకు పసుపు పెట్టేది కూడా అక్కడేనట. అది ఊరిపెద్ద ఆటోలో చెప్పేదాకా నాకు తెలియదు. ముప్పైయేళ్ళు బోట్లకు నంబర్లు ఇచ్చాను.

నాలుగో వరస ఉండనివ్వమని టైలరు తిరుగుదారిలోనే చెప్పాడు. మార్చి 5న రాయి ఎడమన, చెక్క కుడిన నిలబెట్టారు. మధ్యన పది బారల ఎడం. ఆడవాళ్ళు పసుపు గిన్నెలతో వచ్చి తిన్నగా చెక్క దగ్గరకే వెళ్ళారు. అరగంటలో అది పచ్చగా మారింది. సరంగు భార్య దాన్ని కావలించుకుని నిలబడిపోయింది. ఇవతల రాయి నల్లగా, శుభ్రంగా ఉంది. టైలరు తమ వీధివాళ్ళు ఇద్దరితో వచ్చి, రాయి ముందు చేతులు చాచి నిలబడి చదువుకున్నాడు. మగవాళ్ళు తలగుడ్డలు తీసి దూరంగా నిలబడ్డారు.

జనం పలచబడ్డాక ఆ తల్లి నా దగ్గరకు వచ్చింది. "మా వాళ్ళు ఎన్నో వరస బాబూ?"

"పైన వాక్యం వదిలేస్తే రెండు, మూడు" అని రాయి మీద వేలుపెట్టి చూపించాను. ఆమె రెండు పేర్ల మీదా వేలు పోనిచ్చి, నాలుగోది చూపిస్తూ, "ఇది టైలరు బాబాయ్ వాళ్ళ అబ్బాయిది" అంది. అవునన్నాను. అడిగినదానికి సరిగా జవాబు చెప్పానన్న తృప్తి కూడా కలిగింది.

"రేపు మొదటి బస్సుకి మా ఇంటావిడని తీసుకొస్తానండి" అన్నాడు టైలరు వెళ్తూ. "ఇంతమందిలో రాలేనంది." నన్ను ఊరిపెద్ద తన ఇంట్లోనే ఉండిపొమ్మన్నాడు.

మర్నాడు, సోమవారం, ఆరు కాకముందే ఒడ్డుకు వెళ్ళాను. రాయి ముందు ఆ తల్లి గొంతుక్కూర్చుని ఉంది. దగ్గరికి వెళ్ళాక చూశాను. రెండో వరస మీద ఒకటి, మూడో వరస మీద ఒకటి, పసుపు ముద్దలు, వాటి మీద కుంకుమ బొట్లు. పెట్టి ఎంతోసేపు కాలేదు.

"ఏంటమ్మా ఇది?"

"తెలుసు బాబూ. తిట్టకు." తల ఎత్తలేదు. "నిన్న చెక్కకి పెట్టాను. ఇంటికెళ్ళి పడుకుంటే, చెక్క మీద పేర్లు లేవుగా అనిపించింది. పెద్దోడా, చిన్నోడా అని పిలిచి పెట్టుకోవాలనిపించింది. చెయ్యి ఊరుకోలా."

"మొదటి బస్సుకి వాళ్ళు వస్తున్నారు."

"అందుకే కూర్చున్నా. పెట్టటం పెట్టా, తుడవటానికి చెయ్యి రావట్లా."

నేను తుడవడానికి వంగాను. ఆమె నా చేయి పట్టుకుని ఆపి, "నువ్వొద్దు, నేనే" అని లేచి వెళ్ళి చెంబుతో సముద్రం నీళ్ళు తెచ్చింది. చీర కొంగు తడిపి ఒక్కో పేరూ తుడిచింది. పైన ఉన్నదంతా పోయింది. చెక్కిన అక్షరాల లోపల మాత్రం ఎరుపు కూరుకుపోయింది. నేను చీపురు పుల్ల వెతికి తెచ్చాను. ఇద్దరం రాయి ముందు కూర్చుని ఒక్కో అక్షరం లోంచి కుంకుమ తోడాం. నేను అక్షరం పేరు చెబుతుంటే ఆమె దాని మీద నీళ్ళు పోసేది. అట్లా తన కొడుకుల పేర్లు రెండూ అక్షరాలుగా విన్నది.

బస్సు హారను వినపడింది. ఇంకా ఒక్క దీర్ఘం మిగిలింది.

టైలరు ముందు, నల్ల బురఖాలో ఆయన భార్య వెనక, ఇసకలో నడిచి వచ్చారు. ఆమె రాయి ముందు ఆగింది. "ఏదండి?" అని భర్తను అడిగింది. చదువు రాదు. ఆయన చూపించబోయి, చేయి సగంలోనే దించేశాడు.

ఆ తల్లి తన వేళ్ళు కొంగుకు గట్టిగా తుడుచుకుంది. వెలుగులో ఒకసారి చూసుకుని మళ్ళీ తుడుచుకుంది. తర్వాత టైలరు భార్య చేయి పట్టుకుని రాయి మీదకు తీసుకెళ్ళింది. "ఇది సరంగుది. ఈ రెండూ మా వాళ్ళవి. మా చిన్నోడి కింద, ఇదిగో, ఇది నీ బిడ్డదమ్మా."

ఆవిడ నాలుగో వరస మీద చేయి ఉంచింది.

టైలరు రాయినే చూస్తున్నాడు. మూడో వరసలో ఆ దీర్ఘం లోపల సన్నగా ఎరుపు. నా చేతిలో పుల్ల. కింద పచ్చటి నీళ్ళు ఇసకలోకి ఇంకుతున్నాయి. ఆయన వాటినీ చూశాడు, ఆ తల్లి తడిసిన కొంగునూ చూశాడు. నేను పుల్ల మళ్ళీ రాయి దగ్గరకు తీసుకెళ్ళబోయాను.

"ఉండనివ్వండి గుమాస్తాగారండి" అన్నాడు. "అది వాళ్ళ వాడి వరస."

తర్వాత చెప్పులు విడిచి, భార్య పక్కన నిలబడ్డాడు.